గురువారాలు కెన్సాకువి

చిగుసాకి ఆ సంగతి లాండ్రీ షాపులో తెలిసింది.

పై అంతస్తులో ఉండే హిరోసే గారి భార్య, భర్త కోటు తీసుకెళ్లడానికి వచ్చింది. ఇద్దరూ కౌంటర్ ముందు నిలబడి ఉండగా మాట కలిపింది.

"మీ నాన్నగారికి ఒంట్లో ఎలా ఉందమ్మా? కమ్యూనిటీ సెంటర్‌కి షోగి చదరంగం ఆడటానికి రావడమే మానేశారట. మా ఆయన చూసి చూసి వేరే జోడీని వెతుక్కున్నారు."

"మానేయలేదండీ. ప్రతి గురువారం వెళ్తున్నారు కదా."

హిరోసే గారి భార్య కోటు మడత సరిచేసుకుంటూ ఒక్క క్షణం ఆగింది. "అలాగా. అయితే మా ఆయనే చూసుకుని ఉండరు" అంది. ఆవిడ మర్యాదస్తురాలు. ఆ మర్యాదతోనే చిగుసాకి అనుమానం ఖాయమైంది.

చిగుసా తండ్రి కువబారా ఇసావో జీవితమంతా సిటీ బస్సు నడిపినవాడు. డెబ్బై దాటి చాలా ఏళ్లయింది. భార్య పోయాక ఒక్కడే ఉండేవాడు. కూతురు విడాకులు తీసుకుని టోక్యో పక్క కొగనెయ్‌లోని ఆ ఫ్లాట్‌కే తిరిగొచ్చింది. కిందటేడు వసంతంలో ఆయనకి బీపీ పెరిగి స్నానాల గదిలో కళ్లు తిరిగి పడ్డాడు. అప్పటినుంచి ఆయన తిండి మొత్తం చిగుసా చేతుల్లోకి వచ్చింది. ఆమె ఉద్యోగమూ అదే. మునిసిపల్ బడిలో వందలమంది పిల్లల మధ్యాహ్న భోజనంలో ఉప్పెంత, నూనెంత అని తేల్చేది ఆమే. ఇంట్లో సోయా ముద్ద కలిపి చేసే మిసో సూప్ నీళ్లలా పలచబడింది. ఊరగాయ ముక్కలు మాయమయ్యాయి. సోయా సాస్ సీసా బదులు, ఒక్కో నొక్కుకి మంచుతుంపర రాల్చే చిన్న స్ప్రే బుడ్డి బల్ల మీదికి వచ్చింది. ఇసావో దేనికీ ఎదురు చెప్పలేదు. పెట్టింది తిని, చేతులు జోడించి, గిన్నె తీసుకెళ్లి సింకులో పెట్టేవాడు. తన సేవ ఆయనకి నచ్చిందనే చిగుసా అనుకుంది.

ఇప్పుడు షోగి పేరు చెప్పి ఎక్కడికో పోతున్నాడు. వెళ్లే ముందు తల దువ్వుకుంటున్నాడు కూడా.

ఎవరో ఆడమనిషి అయ్యుంటుందని చిగుసా అనుకుంది. అమ్మ పోయి చాలా కాలమైంది కదా, ఆ వయసులో తోడు కావాలనిపిస్తే తప్పేముంది అని తనకి తానే సర్దిచెప్పుకుంది. ఆవిణ్ణి ఇంటికి టీకి పిలవాలి, ఏ కప్పులు బయటికి తియ్యాలి అని కూడా ఆలోచించింది. తన పెద్దమనసు తనకే ముచ్చటేసింది.

ఆ గురువారం బడికి సెలవు పెట్టి, తండ్రికి చెప్పకుండా, కాలవ పక్క బాటలో ఆయన వెనకాలే నడిచింది. ఇసావో కమ్యూనిటీ సెంటర్ వైపు తల కూడా తిప్పలేదు. జెల్కోవా చెట్ల కింద రాలిన ఆకులు తొక్కుకుంటూ చకచకా నడుస్తున్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు మెట్టు మెట్టుకీ ఆగే మనిషి ఈయనేనా అనిపించింది. రైలు కట్ట పక్క సందులోకి తిరిగాడు. అక్కడ పసుపు రంగు గుడ్డ తెర వేలాడుతున్న చిన్న హోటల్ ఉంది. పేరు తొంబో. బయట బెంచీ మీద కూర్చున్న మనిషి లేచి నిలబడి తల వంచాడు. ఇసావో నవ్వుతూ అతని భుజం తట్టాడు.

ఆ మనిషి కెన్సాకు. చిగుసాని ఒకప్పుడు పెళ్లి చేసుకున్న కెన్సాకు.

చిగుసా ఒక వెండింగ్ మెషీన్ పక్కన నక్కి నిలబడిపోయింది. పన్నెండేళ్ల కాపురంలో తండ్రి ఒక్కసారైనా కెన్సాకు భుజం తట్టినట్టు ఆమెకి గుర్తులేదు. కొత్త సంవత్సరానికి అల్లుడు వస్తే ఇద్దరూ టీవీ వైపు చూస్తూ కూర్చునేవాళ్లు. మధ్యలో మాటలు అందించి అందించి ఆమె నోరు నొప్పెట్టేది.

వాళ్లు లోపలికి వెళ్లాక కాసేపాగి తనూ వెళ్లింది. టోపీ కళ్ల మీదికి లాక్కుని, గుమ్మం దగ్గరున్న భోజనం టికెట్ల మెషీన్‌లో అందరూ నొక్కి నొక్కి అరిగిపోయిన బొత్తామే నొక్కి, టికెట్ తీసుకుని గోడవారగా ఉన్న చిన్న బల్ల దగ్గర కూర్చుంది. తండ్రీ మాజీ భర్తా కౌంటర్ దగ్గర ఆమెకి వీపులు పెట్టి పక్కపక్కనే ఉన్నారు.

ఆ హోటల్లో అందరూ తినేది ఒక్కటే వంటకం. సూప్ లేని నూడుల్స్. గిన్నె అడుగున సోయా, నూనె కలిపిన చిక్కటి సాస్. దాని మీద ఆవిర్లు కక్కుతున్న లావుపాటి నూడుల్స్. పైన వెదురు మొలకలు, పంది మాంసం ముక్కలు, ఉల్లికాడ తరుగు, పచ్చి గుడ్డు సొన. మిగతాది తినేవాడి చేతిలో ఉంటుంది. వెనిగర్, మిరప నూనె పోసుకుని, వేడి తగ్గకముందే అడుగునుంచి పైకి ఎత్తి ఎత్తి కలపాలి.

గిన్నె ముందుకు రాగానే ఇసావో చొక్కా చేతులు పైకి మడిచాడు. వెనిగర్ సీసా వంచి గిన్నె అంచు వెంట తిప్పాడు, స్టీరింగ్ తిప్పినట్టే. తర్వాత మిరప నూనె. ఆ తర్వాత చాప్‌స్టిక్స్ అడుగుదాకా దించి కలపడం మొదలుపెట్టాడు. భుజాలు కదులుతున్నాయి. మెడ వెనక చెమట పడుతోంది.

"నాన్నగారూ, ఇవాళ వెనిగర్ ఒక చుట్టు ఎక్కువైనట్టుంది" అన్నాడు కెన్సాకు.

విడాకులైపోయి ఇంత కాలమైనా అతని నోట ఇంకా నాన్నగారే.

"నువ్వు నీ గిన్నె చూసుకోరా. నీకు కలపడమే సరిగ్గా రాదు. పైపైన గెలుకుతావు. పెళ్లాన్నీ అలాగే చూసుకుని ఉంటావు."

చిగుసా చెవులు వేడెక్కాయి. కెన్సాకు మాత్రం నవ్వాడు. "అది నిజమేలెండి" అన్నాడు.

తలకి తువ్వాలు కట్టుకున్న హోటలావిడ మురోయ్, కౌంటర్ అవతలనుంచి గ్లాసుల్లో నీళ్లు నింపుతూ, "మీ అబ్బాయి ఈమధ్య చిక్కాడండీ" అంది.

"చిక్కక ఏం చేస్తాడు? నేను తినే వేగం అందుకోలేక సగంలోనే నీరసపడిపోతాడు."

మా అబ్బాయి కాదు అని అంటాడేమోనని చిగుసా చూసింది. అనలేదు. నూడుల్స్ ఎత్తి నోట్లో పెట్టుకుని హోటలంతా వినిపించేలా జుర్రుకున్నాడు. ఇంట్లో ఆయన అలా జుర్రుకోవడం ఆమె విని ఎంతకాలమైందో. ఆమె వండే పలచటి సూప్‌లో జుర్రుకోవడానికి ఏముంది గనక. కెన్సాకు తన గిన్నెలోంచి ఒక మాంసం ముక్క తీసి ఆయన గిన్నెలో వేశాడు. ఆయన వద్దనలేదు.

చిగుసా గిన్నె కూడా వచ్చింది. వాళ్లనే చూస్తూ దాన్ని కలపలేదు. చూసుకునేసరికి చల్లారి నూడుల్స్ ఒక ముద్దయ్యాయి. పైన చప్పగా, అడుగున ఉప్పగా తగిలింది. రెండు ముద్దలు తిని, గిన్నె వదిలేసి, తల దించుకుని బయటికి వచ్చేసింది.

వాళ్లకి తెలియకుండా వచ్చానన్న సిగ్గు కంటే, తండ్రి ఒక్కసారీ వెనక్కి తిరగలేదన్న ఉక్రోషమే ఎక్కువగా ఉంది.

ఆ సాయంత్రం టోఫూ, ఉడికించిన పాలకూర వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"షోగి ఎలా జరిగింది నాన్నా?"

"ఓడిపోయాను."

"ఎవరితో ఆడావు?"

"హిరోసేతో."

"హిరోసే గారు నువ్వు రావట్లేదని వేరే జోడీని వెతుక్కున్నారట."

ఇసావో చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. పట్టుబడ్డ మనిషిలా కనిపించలేదు. స్టాప్ రాగానే బ్రేకు వేసినంత మామూలుగా పెట్టాడు.

"చూశావా?"

"చూశాను."

"డాక్టర్ రామెన్ నూడుల్స్ తినొద్దనలేదు. సూప్ తాగొద్దన్నాడు. అందులో సూప్ లేదు."

"నూడుల్స్ సంగతి కాదు నేనడిగేది. అతనితో ఎందుకు?"

"సైకిల్ టైరు పంక్చరైంది. సైకిల్ షాపుకి తీసుకెళ్తే అక్కడ బాగుచేసేవాడు వాడే. బాగయ్యేసరికి భోజనం వేళైంది. ఇద్దరికీ ఆకలేసింది."

"నేను అతనితో విడిపోయాను నాన్నా."

"నువ్వు విడిపోయావు. నేనెప్పుడు విడిపోయాను?"

చిగుసా ఇక ఆగలేదు. "నాతో ఎప్పుడైనా బయటికొచ్చి తిన్నావా? అమ్మ పోయాక ఒక్కసారైనా? నా ముందు కూర్చుంటే నీ నోట ఒక్క మాట రాదు. అక్కడ జోకులేస్తున్నావు. నా కాపురం మీద కూడా వేశావు."

ఇసావో పాలకూర వైపు చూశాడు. "నేనేం తిన్నా నువ్వు నా మొహం చూస్తావు చిగుసా. ఎంత తిన్నానో, ఎలా మింగానో చూస్తావు. వాడు వాడి గిన్నె చూసుకుంటాడు."

అని, మిగిలిన పాలకూర తిని, గిన్నె సింకులో పెట్టి, గదిలోకి వెళ్లిపోయాడు.

కెన్సాకుతో చిగుసా పెద్ద గొడవలేమీ పడి విడిపోలేదు. ఇంట్లో మాటలు తగ్గుతూ తగ్గుతూ ఒకరోజు అయిపోయాయి. అతను చెడ్డవాడని ఆమె ఎవరితోనూ అనలేదు. కానీ ఇప్పుడు పడుకుంటే ఆ కౌంటర్ కళ్ల ముందుకి వస్తోంది. ఆ రెండు వీపులు, ఆ మాంసం ముక్క. తనతో కూర్చుని మాటలు కరువైన మనిషీ, తనతో కూర్చుని నోరు విప్పని మనిషీ, తను లేని చోట ఒకరికొకరు అంత బాగా దొరికారు. అది మింగుడుపడలేదు.

వారం తిరక్కుండానే ఇసావోకి ఆస్పత్రి చెకప్ వచ్చింది. పరీక్షలయ్యాక ఆయన్ని బయట కూర్చోబెట్టి, చిగుసా ఒక్కతే డాక్టర్ గదిలోకి తిరిగి వెళ్లింది. తొంబో సంగతి చెప్పింది. వెనిగర్, మిరప నూనె, మాంసం ఏదీ వదలకుండా, కాస్త ఎక్కువే చేసి చెప్పింది.

డాక్టర్ ఇంకా కుర్రవాడు. శ్రద్ధగా విన్నాడు. "నడిచే వెళ్తారా?" అని అడిగాడు.

"నడిచే వెళ్తారు."

"ఎవరైనా తోడుంటారా?"

"ఉంటారు."

"అయితే వారానికోసారి చిన్న గిన్నె తింటే నేనేమీ అనను. అడుగున మిగిలిన సాస్ వదిలేయమనండి. నిజం చెప్పాలంటే ఈసారి ఆయన కాళ్లలో బలం బాగుంది. అలాగే నడవనివ్వండి."

చిగుసా థాంక్స్ చెప్పి బయటికి వచ్చింది. కుర్చీలో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తండ్రి తలెత్తి చూశాడు. బడిపిల్లవాడు ఫలితం కోసం చూసినట్టు చూశాడు.

"ఏమన్నాడు?"

"మానేయమన్నారు" అంది చిగుసా. "ఆ నూడుల్స్ ఇక ముట్టుకోవద్దన్నారు."

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇసావో వాదించలేదు. "డాక్టరంటే సరే మరి" అని టోపీ పెట్టుకున్నాడు.

తర్వాతి గురువారం ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఆ తర్వాతా ఉన్నాడు. దువ్వుకోవడం మానేశాడు. హిరోసే గారు పిలిచినా షోగికి వెళ్లలేదు. బాల్కనీ దగ్గర కుర్చీ వేసుకుని కింద వెళ్లే బస్సులు చూసేవాడు. "రెండు నిమిషాలు లేటు" అని తనలో తనే అనుకునేవాడు. కూతురితో కొత్తగా మాటలేమీ పుట్టలేదు.

చిగుసా ఊరుకోలేదు. ఒక ఆదివారం తనే సూప్ లేని నూడుల్స్ చేసింది. మంచి నూడుల్స్ తెచ్చి, సగం ఉప్పు సోయాతో సాస్ కలిపి, పంది మాంసం బదులు కోడి మాంసం ఉడికించి, పైన గుడ్డు సొన పెట్టింది. అచ్చం ఆ గిన్నెలాగే ఉందని మురిసిపోయింది. ఇసావో కలిపాడు, కానీ చొక్కా చేతులు మడవలేదు. చప్పుడు కాకుండా చివరిదాకా తిన్నాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది. శ్రమపడ్డావు."

బస్సు దిగే ప్రయాణికుడికి చెప్పినంత మర్యాదగా చెప్పాడు. తొంబోలో కెన్సాకు గిన్నెకి వంకలు పెట్టినట్టు తన గిన్నెకి ఒక్క వంక పెట్టి ఉంటే బాగుండేదని చిగుసాకి అనిపించింది. గిన్నెలు కడుగుతూ ఒకదాన్ని కావాలనే గట్టిగా పెట్టింది.

చలి మొదలైంది. ఒక గురువారం పిల్లల్లో జలుబులు ఎక్కువై బడికి సెలవిచ్చేయడంతో ఆమె మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. లోపల బట్టలు మడతపెడుతుంటే బాల్కనీలో తండ్రి గొంతు వినిపించింది. ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. ఫోన్ కాదు. ఆయన ఫోన్ బల్ల మీదే ఉంది.

తెర పక్కకి జరిపి చూసింది. ఇసావో రెయిలింగ్ మీదికి వంగి ఉన్నాడు. మూడంతస్తుల కింద సైకిల్ స్టాండ్ దగ్గర కెన్సాకు తలెత్తి నిలబడ్డాడు. సైకిల్ హ్యాండిల్‌కి బరువుగా ఒక సంచి వేలాడుతోంది. అందులోంచి నారింజ రంగు పెర్సిమన్ పండ్లు కనిపిస్తున్నాయి.

"ఇవాళ మాంసం ఎలా ఉందిరా?"

"కాస్త గట్టిపడింది నాన్నగారూ. మురోయ్ గారు పక్కింటావిడతో కబుర్లలో పడి పొయ్యి మర్చిపోయారట."

"నేనుంటే చెప్పేవాణ్ణి. వెదురు మొలకలు?"

"ఎప్పటిలాగే ఉన్నాయి. మీ సీట్లో ఎవడో కుర్రాడు కూర్చున్నాడు. వెనిగర్ అసలు పోసుకోలేదు."

"పోసుకోలేదా? మరి వాడు వచ్చింది ఎందుకట?"

ఇద్దరూ నవ్వారు. పెద్దవాళ్లు కలవనివ్వని ప్రేమికుల్లా ఒకడు పైనుంచి, ఒకడు కిందనుంచి. చిగుసా చేతిలో తండ్రి బనియన్ అలాగే ఉండిపోయింది. ఆమె ఆపించింది నూడుల్స్ మాత్రమే. మిగతాదంతా ఆపకుండా సాగుతూనే ఉంది, ఇంకా ముదిరింది. ఇన్నాళ్లూ తన ముందు కిక్కురుమనకుండా ఉన్న మనిషి, చుట్టుపక్కల వాళ్లంతా వింటున్నా లెక్కచేయకుండా కేకలేసి మాట్లాడుతున్నాడు.

మొదట ఒళ్లు మండింది. బాల్కనీ తలుపు ధడేలున మూసేయాలనిపించింది. అంతలో ఇసావో నిటారుగా నిలబడబోయి, మోకాలు సహకరించక, రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకున్నాడు. కింద కెన్సాకు సైకిల్ వదిలేసి ఒక అడుగు ముందుకేశాడు. "ఏం లేదురా, కూర్చుని కూర్చుని పట్టేసింది" అన్నాడు ఇసావో.

కాళ్లలో బలం బాగుందన్న డాక్టర్ మాట చిగుసాకి గుర్తొచ్చింది. బనియన్ పక్కన పడేసి మెట్లు దిగింది.

కెన్సాకు ఆమెని చూసి తల వంచి, పండ్ల సంచి చాపాడు. "పైకి రాలేదు, ఏమీ అనుకోకు. మా షాపు వెనక చెట్టువి."

చిగుసా సంచి అందుకుంది. "డాక్టర్ వద్దనలేదు" అంది. "తినొచ్చన్నారు. నడవాలన్నారు. వద్దని చెప్పింది నేను."

కెన్సాకుకి కోపమొస్తే చెవి తమ్మెలు ఎర్రబడతాయి. ఇప్పుడూ ఎర్రబడ్డాయి. కాపురం చేసినన్నాళ్లు ఆ చెవుల్ని చూసే ఆమె వాతావరణం తెలుసుకునేది.

"అది చెప్పాల్సింది నాకు కాదు" అన్నాడు.

"తెలుసు. పైన చెప్పాలంటే భయంగా ఉంది. ముందు ఇక్కడ చెప్పి చూసుకుంటున్నాను."

"ఎందుకు చేశావు చిగుసా?"

"నాన్న నీతో నవ్వుతున్నాడు."

అతను సైకిల్ నిలబెట్టుకుని గంట మీద వేలు పెట్టాడు కానీ మోగించలేదు. "మా నాన్న నా చిన్నప్పుడే పోయాడని నీకు తెలుసు" అన్నాడు. "మీ నాన్నగారితో కూర్చుంటే నాకు బాగుంటుంది. నీ దగ్గర్నుంచి లాక్కుందామని కాదు." తర్వాత పైకి చూసి, "జాగ్రత్త నాన్నగారూ, వస్తాను" అని కేకేసి వెళ్లిపోయాడు.

చిగుసా పైకి వచ్చి, పండ్లు గుమ్మంలో దించి, బూట్లు కూడా విప్పకముందే అక్కడే నిలబడి అదే మాట చెప్పేసింది. ఇసావో బాల్కనీ కుర్చీలోంచే విన్నాడు.

"డాక్టర్ పేరు ఎందుకు వాడుకున్నావు?" అన్నాడు. "నాకిష్టం లేదు మానేయి నాన్నా అని నువ్వే అంటే మానేసేవాణ్ణిగా."

"మానేసేవాడివా?"

"నాలుగు రోజులు గొణుక్కునేవాణ్ణి. మానేసేవాణ్ణి."

దానికంటే ఆయన తిట్టి ఉంటే నయమనిపించింది చిగుసాకి. అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయి బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టింది. అవి ఎంతకీ ఊడలేదు.

ఇసావో ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. అంతకుముందూ పెద్దగా మాట్లాడేవాడు కాదు గనక బయటివాళ్లకి తేడా తెలిసేది కాదు. కానీ ఈ మౌనం వేరు. తినేముందు చేతులు జోడించడం కూడా గోడ వైపు తిరిగి చేసేవాడు. సోయా స్ప్రే బుడ్డిని తీసి, కిటికీలో మొక్కకి నీళ్లు చల్లే బుడ్డి పక్కన పెట్టాడు. దాన్ని అక్కణ్ణుంచి తీసే ధైర్యం చిగుసాకి లేకపోయింది.

మళ్లీ గురువారం వచ్చింది. ఆయన దువ్వుకుని టోపీ పెట్టుకున్నాడు. చిగుసా బడికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగింది.

"నేనూ ఒకరోజు రావచ్చా నాన్నా?"

"వద్దు" అన్నాడు. ఆయన మళ్లీ ఆమెతో మాట్లాడటం మొదలుపెట్టింది ఆ మాటతోనే. "గురువారాలు కెన్సాకువి."

ఆమె తల ఊపి తలుపు తీసింది. వెనకనుంచి మళ్లీ వినిపించింది.

"శనివారం నీకు బడి ఉండదు కదా."

శనివారం ఇద్దరూ కాలవ పక్కన నడిచారు. ఆయన ముందు, ఆమె రెండడుగుల వెనక. జెల్కోవా చెట్లు పూర్తిగా బోడివైపోయాయి. మోకాలు పట్టేసిన చోట ఆయన ఆగితే, ఏమైంది అని అడగబోయి నోరు మూసుకుని కాలవలోని బాతుల్ని చూసింది.

తొంబోలో కౌంటర్ దగ్గర పక్కపక్కనే కూర్చున్నారు. మురోయ్ ఆమెని తేరిపార చూసి, "ఈవిడ మన..." అని ఆగింది.

"మా అమ్మాయి" అన్నాడు ఇసావో. "పిల్లలకి బళ్లో అన్నం పెట్టేది ఈమే. ఉప్పు తగ్గించమని మీకూ చెప్తుంది, జాగ్రత్త."

"అయితే కోడలు కాదన్నమాట" అంది మురోయ్. కెన్సాకుని ఆవిడ ఇసావో కొడుకనే అనుకుంటోంది. ఆ చిక్కు విప్పాలంటే విడాకుల దాకా వెళ్లాలి. తండ్రీకూతుళ్లిద్దరూ నీళ్లు తాగారు.

గిన్నెలొచ్చాయి. చిగుసా ఆయన మొహం చూడకూడదని గట్టిగా అనుకుంది. తన గిన్నెలోకే చూస్తూ వెనిగర్ పోసింది, మిరప నూనె పోసింది, మణికట్టు నొప్పెట్టేదాకా కలిపింది. పక్కన ఆయన చొక్కా చేతులు మడిచాడో లేదో కనుకొసల్లోంచి చూసింది. మడిచాడు.

మొదటి ముద్ద నోట్లోకి వెళ్లాక, ఇంత రుచిగా ఉంటుందా ఇది అనుకుంది. పులుపు, కారం, నూనె, గుడ్డు సొన అన్నీ ఒక్కో నూడుల్‌కీ అంటుకున్నాయి. ఆ రోజు చల్లారబెట్టి పారేసింది దీన్నేనా అనిపించింది.

కాసేపు జుర్రుకునే చప్పుడు తప్ప మాటల్లేవు. కెన్సాకుతో అయితే ఈపాటికి ఎన్ని జోకులేసేవాడో అని చిగుసా లోపల్లోపల లెక్కలేస్తోంది. అప్పుడు ఇసావో ఉన్నట్టుండి అన్నాడు.

"మీ అమ్మ నన్ను మొదట ఎక్కడ చూసిందో తెలుసా?"

"తెలుసు. పెళ్లిచూపుల్లో. నొగావా అత్తయ్య కుదిర్చింది."

"అది తర్వాత. పెద్దవాళ్ల తృప్తి కోసం ఆ పెళ్లిచూపులు మేమే పెట్టించుకున్నాం." వెదురు ముక్క నములుతూ ఆగాడు. "నేను డ్యూటీలో చేరిన కొత్త. మొదటిసారి ఒక్కణ్ణే బస్సు తీశాను. సూయిదో స్టాప్ దాటాక ఎక్కడో తప్పు మలుపు తిప్పాను. బస్సు నిండా జనం. ఎవరికీ తెలియలేదు, కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నారు. నాకు మాత్రం చేతులు చల్లబడిపోయాయి. అప్పుడు నా వెనక నిలబడ్డ అమ్మాయి, తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు, 'ఎడమకి... ఇప్పుడు బియ్యం కొట్టు దగ్గర కుడికి' అని మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. అలా చెప్తూ చెప్తూ మళ్లీ రూట్‌లోకి తెచ్చింది. దిగేటప్పుడు థాంక్స్ అన్నాను. 'నాకు ఆఫీసుకి లేటవుతుందని చెప్పాను, మీ కోసం కాదు' అంది."

చిగుసాకి అమ్మ గొంతు వినిపించింది. అమ్మ సరిగ్గా అలాగే అంటుంది. నవ్వొచ్చింది, నూనె అంటిన పెదవులు తుడుచుకోవడం మర్చిపోయి నవ్వింది.

నవ్వు ఆగాక, అడగకూడదనుకుంటూనే అడిగింది. "ఇది కెన్సాకుకి చెప్పావా?"

"లేదు. డ్రైవరు దారి తప్పాడని మగవాడికి ఎలా చెప్తాం?"

"అస్సలు చెప్పలేదా?"

"లేదంటుంటే."

చిగుసా గిన్నె మీదికి వంగింది. ఆ వయసులో అంత సంతోషపడటం సిగ్గుగానే ఉంది గానీ, పడింది. అడుగున మిగిలిన సాస్ వదిలేయమన్న డాక్టర్ మాట కూడా ఆయనకి గుర్తుచేయలేదు. ఆయనే వదిలేశాడు.

టోపీ అందుకుంటూ ఇసావో, "వాడికి నచ్చే కథే ఇది. వచ్చే గురువారం చెప్తే ఎలా ఉంటుందంటావు?" అన్నాడు.

"చెప్పకు నాన్నా" అంది చిగుసా.

ఆయన ఆమె వైపు తిరిగి చూశాడు. ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. మురోయ్‌కి బావుందని చెప్పి, పసుపు తెర పైకెత్తి పట్టుకుని, కూతురు బయటికి వచ్చేదాకా ఆగాడు.